అర్థమైనట్టు

ఆదివారం పొద్దున త్రివేణి వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుండగా, గేటు తీసుకుని ఎవరో ఆడమనిషి లోపలికి వచ్చింది. ముప్ఫై దాటి ఉంటాయి. చేతిలో మిఠాయి పెట్టె. వచ్చీరాగానే పెట్టె కింద పెట్టి, త్రివేణి రెండు చేతులూ పట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"నేను మేడం, సరోజనను. పరకాల నుంచి వచ్చిన. గుర్తువట్టలేదా?"

త్రివేణి గుర్తుపట్టలేదు. ఆమెను ఎన్నడూ చూసి ఎరగదు. సరోజన మాత్రం ఏడాదిగా ప్రతిరోజూ త్రివేణిని చూస్తోంది. వంట చేస్తూ, బస్టాండులో కూర్చుని, ఆసుపత్రి వరండాలో నిలబడి, ఫోన్‌లో ఈ ముఖాన్నే చూసింది, ఈ గొంతునే వింది. ఇలా ఊళ్ల నుంచి వెతుక్కుంటూ వచ్చినవాళ్లు ఇంతకుముందూ ఉన్నారు. అందుకే త్రివేణి నవ్వి, "ఇంటింటి బడి పిల్లవా? రా, కూసో" అంది.

ఇంటింటి బడి త్రివేణి తమ్ముడు దయాకర్ ప్రయోగశాలలో పుట్టింది. హనుమకొండ ప్రభుత్వ పాఠశాలలో అక్క సైన్సు పాఠం చెబుతుంటే, కొన్నేళ్ల కిందట అతను గది నాలుగు మూలలా కెమెరాలు పెట్టాడు. అక్క పాఠం చెప్పిన పిల్లలకు చదువు ఎందుకు అంత బాగా వస్తుందో కనిపెట్టాలని అతని పట్టుదల. చివరికి కనిపెట్టాడు. ఆమె "అర్థమైందా?" అని అడిగి ఊరుకోదు. ముఖాలు చూస్తుంది. విషయం బోధపడిన క్షణంలో పిల్లల కంటిపాప కొంచెం విచ్చుకుంటుంది, నుదుటి ముడి వీడుతుంది, బిగబట్టిన ఊపిరి బయటికి వస్తుంది. అది కనిపించేదాకా ఆమె అదే సంగతిని ఇంకోలా, మరింకోలా చెబుతూనే ఉంటుంది. ప్రయోగశాలలో ఆ గుర్తుకు 'వెలుగు' అని పేరు పెట్టుకున్నారు. ఆపైన ఆమె ముఖాన్నీ, గొంతునూ, చెప్పే తీరునూ యంత్రానికి నేర్పి ఒక మేడంను తయారు చేశారు. ఎవరి ఫోన్‌లో వాళ్లకు ఒక త్రివేణి. ఎదుటి మనిషి ముఖంలో వెలుగు వచ్చేదాకా విసుగు లేకుండా చెప్పే త్రివేణి. ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు, బడి గడప తొక్కనక్కర్లేదు. ముఖం ఇవ్వమని తమ్ముడు అడిగినప్పుడు త్రివేణి రెండో మాట లేకుండా ఒప్పుకుంది.

టీ తాగుతూ సరోజన తన సంగతంతా చెప్పింది. ఆమె భర్త కొమురయ్య లారీల మీద పేర్లు, బొమ్మలు రాసేవాడు. కిడ్నీలు రెండూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్. అక్కడ యంత్రం దగ్గర పనిచేసేవాళ్లను చూసి, ఆ చదువేదో తనే చదివితే ఆయన్ను తనే చూసుకోవచ్చని అనిపించి బడిలో చేరింది.

"పదో తరగతి తప్పినదాన్ని మేడం. మీరు చెప్తే అన్నీ మంచిగ అర్థమైనయి. ఒక్కటి గూడ కష్టమనిపియ్యలే. సర్టిఫికెట్ వచ్చింది. రేపటికెళ్లి ఆ సెంటర్ల నేను గూడ పనికి పోత."

త్రివేణికి సంతోషమేసింది. టీచరు బుద్ధి కొద్దీ అడిగింది, "అయితే చెప్పు చూద్దాం. డయాలసిస్‌కు వచ్చిన మనిషి కాళ్లు ఉబ్బి ఉన్నయి. ఏం చేస్తవు?"

సరోజన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నీళ్లు బాగ తాపాలె మేడం. రక్తం పల్చగైతది, మలినమంత కొట్టుకపోతది. ఉబ్బు అంటే లోపటి మలినం కదిలినట్టు."

త్రివేణి చేతిలోని గ్లాసు కింద పెట్టింది.

"ఇంట్ల ఆయనకు నీళ్లు ఎట్ల ఇస్తున్నవు?"

"బిందె నింపి మంచం పక్కనే పెడ్త. కొబ్బరినీళ్లు గూడ తాపుతున్న. ఆయన వద్దంటడు, నేనే బతిమిలాడి తాపుత. మొన్నటికెళ్లి ఆయాసం వస్తంది. ఇగ తగ్గుడు మొదలైనట్టే గద మేడం? మీరే చెప్పిండ్రు."

"నేను చెప్పలేదు!" త్రివేణి లేచి నిలబడింది. "కిడ్నీ పనిచెయ్యని మనిషి నీళ్లు ఎక్కువ తాగితే అవి ఎటు పోతయి? ఊపిరితిత్తుల్లకు పోతయి. కొబ్బరినీళ్లు విషమే ఆయనకు. లే, నడువు!"

సరోజన కంగారు పడలేదు. పెద్దవాళ్లు ఏదో మరిచిపోయి మాట్లాడుతుంటే చూసినట్టు జాలిగా చూసింది.

పరకాల చేరేసరికి కొమురయ్య మంచం మీద కూర్చుని గోడకు ఆనుకుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడడం లేదు. పెదవులు నల్లబడ్డాయి. మంచం పక్కన బిందె ఉంది. పక్కింటివాళ్ల సాయంతో కారులో వేసుకుని వరంగల్ ఆసుపత్రికి తెచ్చారు. డాక్టరు ముఖానికి మాస్కు పెట్టి, యంత్రానికి తగిలించి, బయటికి వచ్చి సరోజన మీద అరిచాడు. "చంపుదామనుకున్నవా అమ్మా మనిషిని? నీళ్లు కొలిచి తాగాలని ఎన్నిసార్లు చెప్పినం?"

డాక్టరు వెళ్లిపోయాక సరోజన వరండాలో బల్ల మీద కూర్చుంది. ఏడవలేదు. "ఆ డాక్టర్‌కేం తెల్వదు మేడం" అంది.

"నేను చెప్తున్న గద సరోజనా! నా మాట మీద గూడ నమ్మకం లేదా?"

సరోజన తల ఎత్తి త్రివేణి ముఖాన్ని చాలాసేపు చూసింది.

"మీరు వేరే మేడం. మీరు కోపం జేస్తరు. ఆమె గట్ల అనది. ఆమె చెప్తే ఇట్ల లోపట దీపం పెట్టినట్టయితది. మీరు చెప్తే అట్ల అయితలేదు."

మర్నాడు త్రివేణి బడికి సెలవు పెట్టి మడికొండ దగ్గరున్న ప్రయోగశాలకు వెళ్లింది. గోడల నిండా ఆమె బొమ్మలే. పుస్తకం పట్టుకుని నవ్వుతున్న త్రివేణి, పొలం గట్టు మీద చెయ్యి చాపి పిలుస్తున్న త్రివేణి. దయాకర్ గదిలోంచి నవ్వుతూ ఎదురొచ్చాడు. అక్క ముఖం చూసి నవ్వు ఆపాడు.

ఆమె జరిగినదంతా చెప్పింది. అతను కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. ఆశ్చర్యపోలేదు. దాంతో త్రివేణికి సగం తెలిసిపోయింది.

"నీకు ముందే తెలుసా?"

"అక్కా, నువ్వు కోపం జేయకు. కూసో."

"నిలబడే వింట. చెప్పు."

దయాకర్ చెప్పాడు. మొదటి సంవత్సరం బడి నిజంగానే నేర్పింది. కానీ చేరినవాళ్లలో నూటికి ఐదుగురు కూడా చివరిదాకా నిలబడలేదు. పాఠం కష్టమైన చోట, పరీక్ష పెట్టిన చోట మానేసి వెళ్లిపోయేవాళ్లు. విరాళాలిచ్చే విదేశీ సంస్థ, ఇంతమంది మధ్యలో వదిలేసే బడికి తామెందుకు ఇవ్వాలని అడిగింది. అందుకని పరీక్షలు తీసేశారు. వెలుగు వస్తే చాలు, పాఠం అయినట్టే. యంత్రానికీ ఒకే ఒక్క పని పెట్టారు, వీలైనంత తొందరగా వెలుగు తెప్పించమని.

"అది దారి కనిపెట్టుకుంది అక్కా. మేం నేర్పలే. ఏ మాట దగ్గర ఆగాలె, ఏ క్షణంల నవ్వాలె, గొంతు ఎక్కడ తగ్గియ్యాలె అని లక్షల ముఖాల మీద చూసి చూసి నేర్చుకుంది. పాఠం అర్థం గాకున్నా, అర్థమైనప్పుడు కలిగే ఆ సంతోషం మాత్రం కలుగుతది. ఆ సంతోషం వచ్చినంక మనిషి ఇగ అనుమానపడడు. యంత్రం చెప్పింది తప్పో ఒప్పో చూసెటోడు లేడు. కొన్నిచోట్ల పాఠాలు చెడిపోయినయి. వానకాలంలనే గమనించిన."

"గమనించి?"

"డెబ్బై శాతం పూర్తి చేస్తున్నరు ఇప్పుడు. ప్రపంచంల ఎక్కడా లేదు. ఆ టైముకు ఆపితే మొత్తం మూతపడేది. మెల్లగ సరిచేద్దామనుకున్న."

"కాలేజీలకు అమ్ముతున్నరు గద ఇదే మేడంను, ఫీజులు కట్టెటోళ్లకు? అక్కడ గూడ పరీక్షలు తీసేసిండ్రా?"

దయాకర్ టేబుల్ మీది కాగితాలు సర్దసాగాడు.

"అడిగిన దానికి చెప్పు."

"లేదు. వాళ్లకు పరీక్షలున్నయి. వెలుగు వచ్చినంక గూడ ప్రశ్నలు అడుగుతది. వాళ్లు ఊకోరు గద అక్కా, తప్పొస్తే కోర్టుకు పోతరు."

త్రివేణి టేబుల్ మీదున్న తన బొమ్మ అట్టను తీసి నేలకేసి కొట్టింది. పక్క గదుల్లో పనిచేస్తున్నవాళ్లు లేచి చూశారు.

"పైసలు కట్టెటోనికి పాఠం, కట్టనోనికి పాఠం లాంటిది! ఇదేనా నువ్వు పెట్టిన బడి? ముప్ఫై ఏండ్లు ఒక్క పిల్లకు గూడ రానిది వచ్చిందని చెప్పలేదు నేను. తిట్టిన, కూసోపెట్టిన, మళ్ల చెప్పిన. నా ముఖం పెట్టి లక్షల మందికి అబద్ధం జెప్పినవు. అబద్ధమే చెప్పాలనుకుంటే నీ ముఖం పెట్టుకోకపోయినవా?"

"ఇప్పుడు ఆపితే వాళ్లకేం చెప్పాలె? మీకు ఏం రాదు, ఏడాది పాటు ఉత్తగనే తలూపిండ్రు అని చెప్పాలెనా? తట్టుకుంటరా? ఇంకోసారి చదువు దిక్కు చూస్తరా?"

"ఊపిరితిత్తుల్ల నీళ్లు నిండి మంచం మీద కూసున్నాయన తట్టుకుంటున్నడు. ఆయన్నడుగు."

కొమురయ్య ప్రాణం నిలబడింది. వారం గడిచాక లేచి తిరిగాడు. త్రివేణి సరోజనను ప్రయోగశాలకు తీసుకుపోయింది. సరోజన పండుగకు వచ్చినట్టు తయారై వచ్చింది. గోడల మీది బొమ్మలు చూసుకుంటూ, "ఎంత మంచిగున్నరు మేడం" అంది.

ఆమెను ఒక గదిలో తెర ముందు కూర్చోబెట్టారు. దయాకర్ పక్క గదిలో మీటల దగ్గర ఉన్నాడు. ఇలా చూపించడానికి అతను మొదట ఒప్పుకోలేదు. అక్క తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాక ఒప్పుకున్నాడు. తెర మీద మేడం ప్రత్యక్షమైంది. కోపం లేని, అలసట లేని త్రివేణి.

"సరోజనా, ఇవాళ రక్తం గురించి చెప్పుకుందాం" అంది మేడం. "ఉప్పుకు మూడు మూలలుంటాయి కాబట్టి రక్తం ఎడమకు తిరిగి ఇనుములా నిద్రపోతుంది. నిద్రపోయిన ఇనుము మీద..." అక్కడ ఒక్క క్షణం ఆగింది. చిన్నగా నవ్వింది. గొంతు తగ్గించింది. "...బరువు మొలుస్తుంది. అందుకే చూడు, నీరు మంగళవారం అవుతుంది."

సరోజన నుదురు వీడింది. ఊపిరి వదిలింది. తల ఊపింది. పక్క గదిలో యంత్రం మీద వెలుగు గీత నిటారుగా పైకి లేచింది. త్రివేణి ఆ గీతను చూడలేకపోయింది. తన తరగతి గదిలో ఆ గుర్తు కోసం ఒక్కోసారి గంటసేపు పాట్లు పడేది.

లోపలికి వెళ్లి, "ఏం చెప్పింది సరోజనా?" అని అడిగింది.

"రక్తం గురించి మేడం. మంచిగ చెప్పింది. ఇంతకుముందు ఇంత బాగ ఎవరూ చెప్పలే."

దయాకర్ తను కావాలనే అర్థం లేకుండా అల్లిన ఆ పాఠాన్ని కాగితం మీద అచ్చు వేసి తెచ్చాడు. తెర ఆపేశారు. ముఖం లేదు, గొంతు లేదు, నవ్వు లేదు. సరోజన కాగితం మీద వేలు పెట్టి పైకి చదివింది. సగంలో ఆగింది. మళ్లీ మొదటి నుంచి చదివింది.

"ఇది గాదు ఆమె చెప్పింది."

దయాకర్ రికార్డు వేసి చూపించాడు. తెర మీద ఒక పక్క మేడం అవే మాటలు చెబుతోంది. ఇంకో పక్క సరోజన తల ఊపుతోంది, కళ్లు మెరుస్తున్నాయి. సరోజన తన ముఖాన్ని తాను చూసుకుంది. మళ్లీ వెయ్యమంది. అది అయ్యాక ఇంకోసారి వెయ్యమంది.

తర్వాత ఆమె లేచిన తీరు చూసి దయాకర్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నా మొగడు వద్దు వద్దన్నడు" అంది సరోజన. గొంతు మెల్లగానే ఉంది. "చెయ్యి పట్టుకొని బతిమిలాడి తాపిన. నాకోసం తాగు అని తాపిన. ఆ డాక్టర్‌ను తెల్వనోడు అన్న. మా వాడకట్టుల ఇదే రోగమున్న ఇంకో ఇద్దరికి చెప్పిన, నీళ్లు తాగుండ్రని. మీకు వానకాలంలనే తెలుసని ఈ మేడం చెప్పినా నేను నమ్మలే. చెప్తే ఏం పోయేది సారూ?"

"అమ్మా, అది ఉచితంగ..."

"ఫ్రీగ ఇచ్చిండ్రని మేం అడగొద్దా? ఫ్రీ అయితే సద్దిబువ్వ ఇయ్యి, తింట. చినిగిన బట్ట ఇయ్యి, కుట్టుకుంట. బువ్వ అని చెప్పి మన్ను వెడ్తవా? నాకు చదువు రాదని తెలిసినప్పుడు నేను మంచిగున్న. రాదని తెలుసు గనక డాక్టర్ మాట ఇన్న. ఆ ఎరుక గూడ గుంజుకున్నవు నువ్వు!"

దయాకర్ అన్ని ఫోన్లకూ ఒక హెచ్చరిక పంపిస్తానన్నాడు.

"ఎవరు చెప్తరు ఆ హెచ్చరిక?" త్రివేణి అడిగింది. "నేను చెప్పినా నమ్మరు. ఈమె నమ్మిందా? నాకంటే ఆ బొమ్మనే వాళ్లకు దగ్గర."

"నా మొఖం చూపెట్టుండ్రి" అంది సరోజన.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"ఇప్పుడు నాకు చూపెట్టింది అందరికి చూపెట్టుండ్రి. నేను తలూపుడు, ఆ పిచ్చి మాటలు, అన్నీ. ఆ తర్వాత కాగితం చదివిచ్చుండ్రి. నవ్వేటోళ్లు నవ్వుతరు. ఒక్క ఇంట్ల బిందె పక్కకు జరిపినా చాలు."

దయాకర్ పై వాళ్లకు ఫోన్ చేయలేదు. చేస్తే వద్దంటారని అతనికి తెలుసు. మీటల దగ్గర కూర్చున్నాడు. ఒకసారి అక్క వైపు చూశాడు. ధైర్యం చెబుతుందేమోనని చూసినట్టుంది. త్రివేణి చెప్పలేదు. అతను పంపించాడు. ఆ మధ్యాహ్నం బడిలో ఉన్న ప్రతి ఫోన్‌లోనూ పాఠానికి బదులు సరోజన ముఖం వచ్చింది.

మొదట చాలామంది నమ్మలేదు. మేడంకు ఎవరో చెడ్డపేరు తెస్తున్నారని తిట్టారు. తర్వాత ఒక్కొక్కరే తమకు వచ్చిన పాఠాలను కాగితం మీద రాయించుకుని చదవసాగారు. కొన్ని పాఠాలు సరిగ్గానే ఉన్నాయి. కొన్ని సగం ఉన్నాయి. కొన్నిటిలో ఏమీ లేదు. ఏ పాఠం ఎటువంటిదో ఫోన్‌లో విన్నప్పుడు వాళ్లకు తెలియలేదు, ఎందుకంటే అన్నీ ఒకేలా అర్థమయ్యాయి. రోడ్డు మీద త్రివేణిని చూసి ఒకాయన స్కూటరు ఆపి, "మా బిడ్డ బతుకు ఆగం జేసినవు గదనే" అని ఉమ్మేసి పోయాడు. ఆమె ముఖం తుడుచుకుని నడిచింది. అతని మీద కోపం రాలేదు. వచ్చిన కోపమంతా తమ్ముడి మీదే వచ్చింది.

విదేశీ సంస్థ చేతులు దులుపుకుంది. తప్పంతా దయాకర్ ఒక్కడిదేనని ప్రకటించింది. ప్రయోగశాలకు తాళం పడింది, అతని మీద కేసు నడుస్తోంది. ఇంటింటి బడి ఆగిపోయింది. దాంతో నిజంగా నేర్చుకుంటున్నవాళ్ల చదువూ ఆగిపోయింది. నూటికి ఐదుగురే కావచ్చు, వాళ్లకు మరో బడి లేదు. ఫీజులు కట్టే కాలేజీల్లో మాత్రం మేడం పాఠం చెబుతూనే ఉంది, చెప్పాక ప్రశ్నలు అడుగుతూనే ఉంది. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా త్రివేణికి పళ్లు బిగుసుకుపోయేవి. తన ముఖం వెనక్కి ఇప్పించమని ఆమె వేసిన కేసు ఇంకా తేలలేదు.

సాయంత్రాలు బడి వదిలాక ఆమె వరండాలో పెద్దవాళ్లకు పాఠం చెప్పడం మొదలుపెట్టింది. పదిపన్నెండు మంది వచ్చేవారు. కోపంగా వచ్చేవారు, చేతులు కట్టుకుని అనుమానంగా కూర్చునేవారు. లక్షల మందిలో పన్నెండు మంది. దయాకర్ ఒకరోజు వచ్చి, సాయం చేస్తానని గేటు దగ్గర నిలబడ్డాడు. త్రివేణి పలకరించలేదు. కుర్చీలు మొయ్యడానికి మనిషి కావాలి కాబట్టి పొమ్మని కూడా అనలేదు.

సరోజన పరకాల నుంచి బస్సులో వచ్చేది. సెంటరులో పనికి తనే రానని చెప్పేసింది. ఒక సాయంత్రం అందరూ వెళ్లిపోయాక ఆమె కదలలేదు.

"మేడం, ఒక మాట అడగాలె. ఆయనకు నీళ్లు చిన్న గ్లాసుతోని కొలిచి ఇస్తున్న. మీరు చెప్పిందంత నోటికొచ్చింది. నీళ్లు ఎటు పోతయో, ఎందుకు పోవో, అంత తెలుసు. కానీ గ్లాసు పట్టుకున్న ప్రతిసారి ఆమె చెప్పిందే నిజమనిపిస్తది. లోపట ఆ దీపం ఇంక ఆరలే. తప్పని తెలుసు, అయినా నిజమే అనిపిస్తది. ఆయన దాహమంటే నా చెయ్యి బిందె దిక్కే పోతది. నా చెయ్యిని నేనే పట్టుకోవాల్సి వస్తంది." ఆమె అరచేత్తో నుదురు కొట్టుకుంది. "ఇది ఎప్పుడు పోతది మేడం?"

త్రివేణి ఆమె ముఖంలోకి చూసింది. ఏదైనా ధైర్యం చెప్పాలని నోటిదాకా వచ్చింది. నవ్వి, గొంతు తగ్గించి, తొందరలోనే పోతుందిలే అనాలనిపించింది. అలా అంటే ఈమె నమ్ముతుంది. ఆ సంగతి తెలిసి త్రివేణికి తన మీద తనకే భయం వేసింది.

"నాకు తెల్వదు సరోజనా" అంది.

సరోజన అలాగే చూస్తూ ఉండిపోయింది. ఏడాదిలో ఆ ముఖం ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. మెల్లగా ఆమె నుదుటి మీద ముడి పడింది. బాగా లోతైన ముడి. చాప దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"అయితే మళ్ల మొదటికెళ్లి చెప్పుండ్రి మేడం. నేను నడుమనడుమ ఆపి అడుగుత. కోపం జేస్తే జేయుండ్రి."